తక్కువ ధరలో కాంపాక్ట్ డిజిటల్ కెమెరా: విశాఖపట్నంలో కొనేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిలో మంచి ఫోను ఉండగా విడిగా కెమెరా కొనవలసిన అవసరం ఏమిటి?

చాలామందికి అవసరం లేదు. మధ్యాహ్నం వెలుతురులో ఇంటిల్లిపాదీ రామకృష్ణా బీచ్‌లో నిలబడి తీయించుకునే ఫొటోకు, హోటల్లో పలావు ప్లేటు ఫొటోకు, వాట్సాప్‌లో పంపుకునే వీడియోకు ఫోను చాలు. ఇప్పటి మధ్యరకం ఫోన్ల ప్రధాన కెమెరాలో ఉండే సెన్సరు (వెలుతురును బొమ్మగా మార్చే చిప్పు) చవక కాంపాక్టులో ఉండేదానికంటే పెద్దదిగా ఉంటోంది కనుక, అలాంటి ఫొటోల్లో చవక కెమెరాయే వెనుకబడుతుంది.

ఫోను చేయలేని పనులు కొన్ని ఉన్నాయి, కెమెరాకు పెట్టే డబ్బు వాటి కోసమే పెట్టాలి. దూరంగా ఉన్నదాన్ని అద్దాల కదలికతోనే దగ్గరకు తెచ్చే నిజమైన జూమ్ మొదటిది. గది అంతటినీ ఒక్క క్షణంలో వెలిగించి, కదులుతున్న పిల్లవాడిని కూడా కదలకుండా పట్టుకునే జెనాన్ ఫ్లాష్ రెండవది. ఫోనుకుండే ఎల్ఈడీ దీపం దానికి సాటి రాదు. నీళ్లలోకి, ఇసుకలోకి ధైర్యంగా తీసుకువెళ్లగలగడం మూడవది. వీటికి తోడు, ఫోను బ్యాటరీ అయిపోతుందన్న బెంగ గాని, మధ్యలో ఫోన్లు వచ్చే గొడవ గాని లేకుండా ఫొటోలు తీసుకునే సుఖం ఒకటి ఉంది. దాని విలువ ఎవరికి వారే కట్టుకోవాలి. ఈ పనుల్లో ఒక్కటి కూడా మీకు పడదనుకుంటే కెమెరా ఆలోచన మానుకుని ఆ డబ్బుతో అరకు వెళ్లి రావడం మేలు.

ఆన్‌లైన్‌లో పది వేల లోపే 64 మెగాపిక్సెల్, 4కే, 16 రెట్ల జూమ్ అని కొత్త కెమెరాలు కనబడుతున్నాయి. కొనవచ్చా?

కొనవద్దు. ఎన్నడూ వినని పేర్లతో, ఒకే అచ్చులో పోసినట్లుండే ఈ కెమెరాల్లో చాలావాటి లోపల ఉండేది చిన్న సెన్సరు, కదలని లెన్సు. 64 మెగాపిక్సెల్ (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు) అన్నది సెన్సరు పట్టిన వివరం కాదు. తక్కువ చుక్కలతో వచ్చిన బొమ్మను సాఫ్ట్‌వేర్ సాగదీసి ఆ అంకె చేరుస్తుంది. 16 రెట్ల జూమ్ కూడా డిజిటల్ జూమే. అంటే తీసిన ఫొటోను మధ్యలో కత్తిరించి పెద్దది చేయడం. ఆ పని మీ ఫోనులో వేళ్లతో మీరే చేసుకోగలరు.

దీన్ని పట్టుకోవడానికి లెన్సు చుట్టూ ఉండే అంచును చదివితే చాలు. నిజమైన జూమ్ ఉన్న కెమెరా లెన్సు మీద రెండు అంకెల మధ్య గీతతో మిల్లీమీటర్లు రాసి ఉంటాయి. ఉదాహరణకు కెనాన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ లెన్సు మీద 4.3-172.0 మి.మీ. అని ఉంటుంది. పెద్ద అంకెను చిన్న అంకెతో భాగిస్తే 40 వస్తుంది. అదే దాని 40 రెట్ల ఆప్టికల్ జూమ్. సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ మీద 10.4-37.1 అని ఉంటుంది, భాగిస్తే 3.6 వస్తుంది. లెన్సు మీద ఒకే అంకె ఉండి, పెట్టె మీద మాత్రం 16 రెట్లు అని ఉంటే ఆ జూమ్ అంకెను లెక్కలోకి తీసుకోకండి. అమ్మకపు పేజీలో లెన్సు అంచు స్పష్టంగా కనబడే ఫొటో లేకపోతే, అదీ ఒక సమాధానమే.

మరి మెగాపిక్సెళ్లు ఎన్ని ఉంటే సరిపోతాయి?

ఆరంగుళాలు నాలుగంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయించడానికి 1800 చుక్కల పొడవు, 1200 చుక్కల వెడల్పు కావాలి. అది దాదాపు 2.2 మెగాపిక్సెళ్లు. ఏ4 కాగితమంత అచ్చుకు కూడా 9 లోపే సరిపోతుంది. పేరున్న కంపెనీ గత 15 ఏళ్లలో చేసిన ఏ కాంపాక్టులోనైనా ఇంతకు మించే ఉన్నాయి కాబట్టి ఈ అంకెను చూసి కెమెరాను ఎంచుకోవడంలో అర్థం లేదు.

అయితే చూడవలసిన అంకె ఏది?

సెన్సరు పరిమాణం. చవక కాంపాక్టుల్లోనూ, ఎక్కువ జూమ్ ఉన్న కాంపాక్టుల్లోనూ సాధారణంగా కనిపించేది 1/2.3 అంగుళాల సెన్సరు. దాని కొలత సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు, అంటే కందిపప్పు బద్ద కంటే కొంచెం పెద్దది. ఒక అంగుళం సెన్సరు అని పిలిచేదాని కొలత 13.2, 8.8 మి.మీ. (పాత టీవీ కెమెరాల గొట్టాల కాలం నుంచి వస్తున్న కొలమానం కనుక, ఒక అంగుళం అన్నా అందులో ఏ పక్కా అంగుళం ఉండదు.) వైశాల్యం లెక్కకడితే ఇది మొదటిదానికి నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక తీసిన ఫొటోలో ముఖం మీద ఇసుక చల్లినట్లు గరుకు కనబడుతుందా, చర్మం చర్మంలా కనబడుతుందా అన్నది ఎక్కువగా ఈ వైశాల్యాన్ని బట్టే తేలుతుంది.

దీని తర్వాత చూడవలసింది లెన్సు తెరుచుకునే వెడల్పు. లెన్సు అంచు మీద 1:1.8-4.9 వంటి అంకెలు ఉంటాయి; అవి ఎంత చిన్నవైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. మొదటి అంకె జూమ్ లేనప్పటిది, రెండవది జూమ్ చివరిది. ఈ అంకెకు ముందు ఎఫ్/ అని కూడా రాస్తారు. ఎఫ్/1.8 లెన్సు ఎఫ్/3.5 లెన్సు కంటే దాదాపు నాలుగు రెట్ల వెలుతురును అనుమతిస్తుంది. కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2 లెన్సు 1.8 వద్ద మొదలై జూమ్ చివరన కూడా 2.8 దగ్గరే ఆగుతుంది. పెద్ద సెన్సరుకు ఇలాంటి లెన్సు తోడైతే, పెళ్లి మండపంలో ఫ్లాష్ వేయకుండానే తలంబ్రాల ఫొటో నిలబడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెద్ద సెన్సరుకు పొడవైన జూమ్ అమర్చాలంటే లెన్సు పెద్దదవుతుంది, కెమెరా జేబులో పట్టదు. అందుకే జేబులో పట్టే కెమెరాల్లో ఎక్కువ జూమ్ ఉన్నది చిన్న సెన్సరుతోను, పెద్ద సెన్సరు ఉన్నది మూడు నాలుగు రెట్ల జూమ్‌తోను వస్తాయి. సోనీ 2019లో తెచ్చిన ఆర్ఎక్స్100 మార్క్ 7 వంటివి ఒక అంగుళం సెన్సరుతోనే 24-200 మి.మీ. దాకా వెళ్లినా, వాటి ధరను తక్కువ ధర అనడానికి నోరు రాదు. తక్కువ డబ్బుతో కొనేవారు ఈ రెండింట్లో ఒకదాన్ని వదులుకోక తప్పదు. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకుంటే దుకాణంలో సగం అయోమయం తగ్గుతుంది.

మాకు జూమ్ ఎంత కావాలో ఎలా తెలుస్తుంది?

మీరు వెళ్లే చోట్లను తలచుకుంటే తెలుస్తుంది. కెమెరాల జూమ్‌ను పోల్చడానికి 35 మి.మీ. ఫిల్ము కెమెరా లెక్కలోకి మార్చిన అంకెలు ఇస్తారు. 24 మి.మీ. ఉంటే కైలాసగిరి మీద నుంచి తీరం వంపు అంతా ఒకే ఫొటోలో వస్తుంది. 70 నుంచి 100 మి.మీ. మధ్య మనుషుల ముఖాలు సహజంగా వస్తాయి. ఇందిరా గాంధీ జూ పార్కులో కందకానికి అవతల పడుకున్న పులికి కనీసం 200 కావాలి. అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవలో పక్షుల కోసమైతే 500 దాటినా ఇంకాస్త ఉంటే బాగుండుననిపిస్తుంది.

ఎస్ఎక్స్740 హెచ్ఎస్ వంటివి 960 మి.మీ. దాకా వెళ్తాయి. అంత జూమ్‌లో చెయ్యి కాస్త వణికినా బొమ్మ చెదురుతుంది కాబట్టి ఆ వణుకును లెన్సులోనే సరిదిద్దే ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉన్నదే తీసుకోవాలి. గోడకో గట్టుకో మోచేతులు ఆనించాలి. విశాఖలో జూమ్ కెమెరా కొన్న ప్రతివారూ మొదట గురిపెట్టేది రేవు బయట లంగరు వేసుకుని ఉన్న ఓడలనే. మధ్యాహ్నం తీస్తే ఆ ఓడల అంచులు నీళ్లలో ఊగుతున్నట్లు అలలు అలలుగా వస్తాయి. అది కెమెరా లోపం కాదు, వేడెక్కిన గాలి పొరలు చేసే పని. అదే ఓడను సూర్యోదయం అయిన కాసేపటికి తీస్తే డెక్కు మీది క్రేన్లు విడివిడిగా కనబడతాయి. కెమెరా మార్చేయాలని నిర్ణయించుకునే ముందు ఒక ఉదయం వెళ్లి చూడండి.

సముద్రం మనకు తూర్పున ఉంది కనుక ఉదయం బీచ్‌లో సముద్రాన్ని వెనుక పెట్టుకుని నిలబడ్డవారి ముఖాలు ఏ కెమెరాలోనైనా నల్లబడతాయి. అలాంటప్పుడు పగలైనా ఫ్లాష్ వేయాలి. ఈ ఒక్క పనికైనా ఫ్లాష్ ఉన్న కెమెరా ఉండాలని నా అభిప్రాయం.

బొర్రా గుహల్లో, అరకు రైల్లో పనికొచ్చేది ఏది?

గుహల్లో ఒక అంగుళం సెన్సరు, 1.8 లెన్సు ఉన్న కెమెరాయే తీసుకోవాలి. 40 రెట్ల జూమ్ అక్కడ ఎందుకూ కొరగాదు. రంగు దీపాల వెలుగు తక్కువ, గోడలు దూరం, చిన్న ఫ్లాష్ అంత దూరం అందదు. పైగా గాలిలోని తేమ బిందువుల మీద పడి తెల్లని చుక్కలు తెస్తుంది. ఫ్లాష్ ఆపి, జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, రెయిలింగు మీద కెమెరాను ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయడం అక్కడ పని చేసే పద్ధతి.

కొత్తవలస-కిరండూల్ మార్గంలో వెళ్లే రైలు అద్దాల పెట్టెలో కూర్చున్నప్పుడు లెన్సు అంచును అద్దానికి దాదాపు ఆనించి తీస్తే లోపలి దీపాల ప్రతిబింబం పడదు. రైలు కదులుతుంటుంది కనుక షట్టర్ వేగం (సెన్సరు మీద వెలుతురు పడే వ్యవధి) సెకనులో 1/500 వంతు గాని, అంతకంటే వేగంగా గాని ఉండాలి. ఆ వేగాన్ని మనమే నిర్ణయించుకునే మోడ్ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. పూర్తిగా ఆటోమేటిక్ కెమెరాల్లో అది ఉండదు.

కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్ తీసుకోవాలా?

తక్కువ డబ్బుతో కొనేవారికి సెకండ్ హ్యాండే నా సలహా, అందుకు కారణం ఉంది. 2010లో ప్రపంచమంతటా అన్ని రకాలూ కలిపి 12 కోట్ల డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటకు వెళ్లాయి, వాటిలో అత్యధిక భాగం కాంపాక్టులే. తర్వాత ఫోన్లు ఆ మార్కెట్‌ను మింగేశాయి. కాసియో 2018లో కాంపాక్టులు మానుకుంది. ఒలింపస్ తన కెమెరా విభాగాన్ని 2021 ఆరంభంలో వేరొకరికి అప్పగించింది. మిగిలిన కంపెనీలు చవక మోడళ్లను తగ్గించి ఖరీదైనవాటి మీద దృష్టి పెట్టాయి. దాంతో దుకాణంలో కొత్తగా దొరికే పేరున్న చవక కాంపాక్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని అయిపోయాయి. మంచి సెన్సరు ఉన్న పాతవేమో ఇళ్లల్లో బీరువాల్లో పడి ఉన్నాయి.

సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 2012లో వచ్చింది. 20 మెగాపిక్సెళ్ల ఒక అంగుళం సెన్సరు, 28-100 మి.మీ. లెన్సు, రా ఫైళ్లు (కెమెరా తీర్చిదిద్దకముందు సెన్సరు పట్టిన వివరాన్ని దాచేవి), చేతితో మార్చుకోగల అన్ని సెట్టింగులు దానిలో ఉన్నాయి. 4కే వీడియో లేదు, తెర తిరగదు. అయినా పగటి వెలుతురులో గాని సాయంత్రం గాని అది తీసే ఫొటో ఈనాటి కొత్త చవక కెమెరా ఏదీ తీయలేదు. 2014 నాటి మార్క్ 3లో పైకి లేచే వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ), వెలుతురును ఎక్కువగా తీసుకునే 24-70 మి.మీ. లెన్సు వచ్చాయి. ఎండలో తెర కనబడక ఇబ్బంది పడే మన బీచ్‌లో ఆ వ్యూఫైండర్ విలువ తెలుస్తుంది. కెనాన్ అభిమానులు 2016 నాటి జీ7 ఎక్స్ మార్క్ 2 వెతుక్కోవచ్చు. ఈమధ్య యువత వీటి వెంట పడటంతో ధరలు పెరిగాయి కాబట్టి, అడిగిన ధరకు తల ఊపేయకుండా అదే మోడల్ రెండు మూడు చోట్ల ఎంతకు ఉందో అదే రోజు చూసుకుని బేరమాడండి.

సెకండ్ హ్యాండ్ కెమెరాను చేతిలోకి తీసుకుని ఏమేమి చూడాలి?

ఫొటోలు చూసి డబ్బు పంపవద్దు. మనిషిని కలిసి, పగటి వెలుతురులో, మీ సొంత మెమరీ కార్డు వెంట తీసుకువెళ్లి పరీక్షించండి. కెమెరా ఆన్ చేసినప్పుడు లెన్సు గొట్టం చప్పుడు లేకుండా, ఆగకుండా బయటకు రావాలి. కరకరమని వినబడితే లోపల ఇసుక ఉన్నట్లే, విశాఖలో ఈ జబ్బు మరీ ఎక్కువ. జూమ్‌ను ఇటు చివరి నుంచి అటు చివరికి పదిసార్లు నడిపించండి. ఒక్కసారి తడబడినా వదిలేయండి. లెన్సు ఎర్రర్ అనే సందేశంతో కెమెరా మొరాయించే రోజు దగ్గర్లోనే ఉంటుంది. లెన్సు యూనిట్ మార్పించే ఖర్చు చాలాసార్లు కెమెరా విలువను మించుతుంది.

తర్వాత ఫోను టార్చిని లెన్సులోకి ఏటవాలుగా వేసి చూడండి. ఒకటి రెండు ధూళి రేణువులు కనబడితే ఫరవాలేదు. అంచుల నుంచి మధ్యకు సాలెగూడు పోగుల్లా పాకిన తెల్లని దారాలు కనబడితే అది ఫంగస్. ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. ఆపైన కెమెరాను ఎఫ్/8 లేదా అది అనుమతించే అతి చిన్న తెరుపు వద్ద పెట్టి మబ్బులేని ఆకాశాన్నో తెల్లగోడనో తీసి, ఆ ఫొటోను తెర మీద పెద్దది చేసి మూలమూలా చూడండి. ఎక్కడైనా మసక నల్లచుక్క కనబడి, రెండవ ఫొటోలో కూడా అదే చోట ఉంటే సెన్సరు మీద ధూళి పడింది. లెన్సు ఊడదీయలేని కెమెరా కనుక దాన్ని తుడవాలంటే మొత్తం విప్పాలి.

మిగిలినవి త్వరగా అయిపోతాయి: ఫ్లాష్ వెలగాలి, ప్రతి మీట పని చేయాలి, అయిదు నిమిషాల వీడియో ఆగకుండా రికార్డు కావాలి, బ్యాటరీ ఉబ్బి ఉండకూడదు, బ్యాటరీ తలుపు గట్టిగా మూసుకోవాలి, బ్యాటరీ తీసి పెట్టిన వెంటనే తేదీ చెరిగిపోకూడదు. ఫైలు పేరులోని అంకె చూసి ఎన్ని ఫొటోలు తీశారో అంచనా వేసేవారున్నారు గాని, దాన్ని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టించవచ్చు కాబట్టి అంతగా నమ్మవద్దు. పాత బిల్లు, అడుగున ఉండే సీరియల్ నంబరు సరిపోలితే దొంగసొత్తు కొన్న చిక్కు రాదు.

జపాన్ నుంచి వచ్చిన పాత కెమెరా చవకగా ఇస్తామంటున్నారు. ఇబ్బంది ఏమైనా ఉందా?

కెమెరా మంచిదే కావచ్చు. అయితే సోనీ జపాన్ మార్కెట్ కోసం చేసిన మోడళ్లలో చాలావాటిలో మెనూ జపనీస్‌లో తప్ప వేరే భాషలో రాదు. డబ్బు ఇచ్చేముందు మెనూలోకి వెళ్లి భాష మార్చి చూపించమనండి. ఇక్కడి వారంటీ దానికి వర్తించదు. చార్జరు మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి. 100 అని మాత్రమే ఉంటే మన కరెంటుకు పెట్టకూడదు.

2000ల నాటి సీసీడీ (పాతరకం సెన్సరు) కెమెరాల రంగులు ప్రత్యేకంగా ఉంటాయంటున్నారు. ఎక్కువ ధర పెట్టి కొనవచ్చా?

సరదాకు, తక్కువకు దొరికితే కొనండి. ఆ ఫొటోల అందంలో ఎక్కువ వాటా నేరుగా ముఖం మీద పడే ఫ్లాష్‌ది, ఆనాటి కంపెనీలు రంగులను తీర్చిన తీరుది. సీసీడీ అన్న పేరుకే ప్రీమియం కట్టడం నాకు సమ్మతం కాదు. కొనే ముందు కార్డు సంగతి చూసుకోవాలి. ఒలింపస్, ఫ్యూజీ పాత మోడళ్లు ఎక్స్‌డీ కార్డులు వాడేవి. సోనీ 2010 దాకా తన మెమరీ స్టిక్కునే పట్టుకుని ఉంది. అవి ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టం. ఎస్డీ కార్డు తీసుకునేవైనా 2006కు ముందువైతే 2 జీబీ దాటిన కార్డును గుర్తించకపోవచ్చు. కార్డుతో సహా ఇస్తేనే తీసుకోండి.

వీడియోల కోసం కొనాలనుకుంటే?

మైక్ పెట్టుకునే రంధ్రం, ముందుకు తిరిగే తెర, ఈ రెండూ లేనిది తీసుకోకండి. రుషికొండలో గాని భీమిలిలో గాని మాట్లాడుతూ తీసిన వీడియోలో గాలి హోరు తప్ప మాట వినబడకపోతే 4కే ఉండి ప్రయోజనం లేదు. సోనీ జడ్‌వీ-1, కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3 ఈ అవసరానికి సరిపోతాయి. జడ్‌వీ-1లో ఫ్లాష్ లేదని గుర్తుంచుకోండి. ఎండలో 4కే ఎక్కువసేపు తీస్తే ఈ చిన్న కెమెరాలు వేడెక్కి ఆగిపోతాయి. పూర్తిగా వీడియోలే ముఖ్యమైతే మీ ఫోనుకు ఒక మంచి మైక్ కొనుక్కోవడం చవక.

ఉప్పుగాలికి, ఇసుకకు కెమెరా పాడవుతుందా?

పాడవుతుంది. బయటకు సాగే లెన్సు గొట్టం మూడు నాలుగు వలయాలుగా ఒకదానిలో ఒకటి దూరి ఉంటుంది. ఆ వలయాల సందులో ఒక్క ఇసుక రేణువు చేరినా లెన్సు లోపలికి పోయేటప్పుడు దాన్ని నలుపుతూ పోతుంది. గాలి వీస్తున్నప్పుడు కెమెరాను ఆన్‌లో ఉంచి తిరగకండి. ఇసుక మీద కూర్చున్నప్పుడు ఒళ్లో గాని తువ్వాలు మీద గాని పెట్టవద్దు. ఇంటికి రాగానే గాలి బుడ్డితో సందులన్నీ ఊది, మంచినీళ్లలో ముంచి బాగా పిండేసిన మెత్తని గుడ్డతో ఒళ్లు తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. తుడవకుండా వదిలిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూ మరలను, ఫ్లాష్ కాంటాక్టులను తినేస్తుంది. నోటితో ఊదడం వద్దు, తుంపర పడుతుంది.

సముద్రంలోకే దిగేవారు, రుషికొండలో స్కూబా నేర్చుకునేవారు ఓఎం సిస్టమ్ టఫ్ టీజీ-7 (2023), దానికి ముందు వచ్చిన టీజీ-6 (2019) వంటివి చూడాలి. 15 మీటర్ల లోతు దాకా అదనపు పెట్టె లేకుండా తట్టుకుంటాయి. వాటి లెన్సు బయటకు సాగదు, ఇసుక భయం కూడా తక్కువ. సెన్సరు చిన్నదే. బయటకు వచ్చిన వెంటనే మంచినీళ్లలో కాసేపు ఉంచి ఉప్పు వదిలించాలి. తలుపు రబ్బరు మీద ఒక వెంట్రుక అడ్డం పడినా నీరు లోపలికి వస్తుంది కాబట్టి, తీరంలో తలుపు తీయకుండా ఇంట్లోనే బ్యాటరీ, కార్డు పెట్టుకుని బయలుదేరండి. టీజీ కెమెరాల్లో పూలను, పురుగులను అతి దగ్గరగా తీసే మైక్రోస్కోప్ మోడ్ ఉంది. కాలేజీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివే పిల్లలకు ఈ ఒక్క కారణంగా కూడా కొనిపెట్టవచ్చు. సెకండ్ హ్యాండ్ వాటర్‌ప్రూఫ్ కెమెరాను మాత్రం వాటర్‌ప్రూఫ్ అనుకోకండి. రబ్బరు ఎంత అరిగిందో పైకి తెలియదు.

వాడనప్పుడు ఎక్కడ ఉంచాలి?

బీరువాలో, తోలు సంచిలో ఉంచకూడదు. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది. చీకటి, తేమ, గాలి ఆడని చోటు మూడూ కలిస్తే అద్దాల మీద ఫంగస్ మొలవడం ఖాయం. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, తేమ చూపించే చిన్న మీటరు పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. రంగు మారిన సిలికా గుళికలను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవారి మాట వినవద్దు, ఆ పొడి సందుల్లోకి పోతుంది. అన్నిటికంటే మంచి మందు వారానికి ఒకసారైనా బయటకు తీసి నాలుగు ఫొటోలు తీయడం.

ఏసీ కారులోంచి దిగి ఉక్కలోకి వచ్చిన వెంటనే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడవకండి. కెమెరాను జిప్ కవరులో ఉంచి, బయటి వేడికి అది అలవాటు పడ్డాక తీయండి. లంబసింగి చలిలోంచి గదిలోకి వచ్చినప్పుడూ ఇదే పద్ధతి.

బ్యాటరీ, కార్డు విషయంలో జాగ్రత్తలు ఏమిటి?

కాంపాక్టుల బ్యాటరీలు చిన్నవి. కంపెనీ లెక్క ప్రకారమే ఎస్ఎక్స్740 హెచ్ఎస్ ఒక చార్జికి 265 ఫొటోలు, ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 330 ఫొటోలు తీస్తాయి. రోజంతా తిరిగేవారికి రెండవ బ్యాటరీ తప్పదు, దాని ఖర్చును కెమెరా ధరలోనే కలిపి చూసుకోండి. కెమెరా కొనే ముందు ఆ బ్యాటరీ నంబరు (ఆర్ఎక్స్100 వరుసకు ఎన్‌పీ-బీఎక్స్1, ఎస్ఎక్స్740కు, జీ7 ఎక్స్‌కు ఎన్‌బీ-13ఎల్) ఇప్పటికీ కొత్తగా దొరుకుతోందో లేదో వెతకండి. దొరకని బ్యాటరీ ఉన్న కెమెరా ఉచితంగా ఇచ్చినా దండగ. విమానంలో వెళ్లేటప్పుడు విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు.

కార్డు 32 లేదా 64 జీబీ చాలు. 4కే తీసేవారు వీ30 గుర్తు ఉన్నది తీసుకోవాలి. నకిలీ కార్డులు మార్కెట్లో బాగా తిరుగుతున్నాయి: పైన 128 అని ఉండి లోపల అందులో పావు వంతు కూడా ఉండదు, నిండిన తర్వాత తీసిన ఫొటోలు తెరుచుకోవు. కొన్న రోజునే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రాముతో పరీక్షిస్తే బయటపడుతుంది.

విశాఖలో ఎక్కడ చూడాలి?

కొత్తవాటికి జగదాంబ కూడలి, డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో మొదట చేతిలోకి తీసుకుని చూడండి, ధర ఆన్‌లైన్‌తో పోల్చండి. కొద్దిపాటి తేడా ఉంటే దుకాణంలోనే కొనడం మంచిది. లోపం ఉంటే తీసుకువెళ్లి చూపించడానికి ఒక గుమ్మం ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌కు ఫొటో స్టూడియోల వారిని అడగండి. స్టూడియోలు కాంపాక్టులు వాడవు గాని, ఎవరు అమ్ముకుంటున్నారో, ఎవరి దగ్గర మంచిది ఉందో వాళ్లకు తెలుస్తుంది. బంధువుల ఇళ్లల్లో అడగడం అన్నిటికంటే చవక మార్గం. అమెరికా నుంచి మేనమామ తెచ్చి ఇచ్చిన కెమెరా పెట్టెతో సహా అటక మీద ఉన్న ఇళ్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు.

కెమెరా తీసుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చా?

వెళ్లకూడని చోట్లు ఉన్నాయి, జూమ్ కెమెరా కొన్నవారు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం. నౌకాదళ డాక్‌యార్డు, ఐఎన్ఎస్ డేగా విమాన స్థావరం, నిషేధం అని బోర్డు ఉన్న ప్రతి ప్రహరీ వైపు కెమెరా ఎత్తకండి. రక్షణ స్థావరాల ఫొటోలు తీయడం నేరం అవుతుంది, అధికార రహస్యాల చట్టం 1923 నుంచి అమలులో ఉంది. యుద్ధనౌకలు చూడాలనుకునే పిల్లలను బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి తీసుకువెళ్లండి. సింహాచలం ఆలయం లోపల ఫొటోలు తీయనివ్వరు.

బిల్లు తీసుకోకపోతే కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 2019 జనవరిలో 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా మీకు మిగిలేది అందులో కొంత భాగమే గాని, పోగొట్టుకునేది మొత్తం వారంటీ. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకుని, అక్కడే పెట్టె మీది నంబరుతోను, కెమెరా అడుగున ఉన్నదానితోను సరిచూడండి. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు పార్సిల్ విప్పడాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఫోనులో వీడియో తీయండి. అమ్మినవారు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు; అక్కడా తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించే హక్కు మీకుంది, అమ్మినవాడు ఏ ఊరివాడైనా సరే.